వానకు తడిసే డాబా మీద సోలార్ వైరింగ్: కేబుల్ ఎంపిక నుంచి మెగ్గర్ దాకా

కాకినాడ, విశాఖ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో ఇంటిమీద సోలార్ పెట్టించుకునేవాళ్లు ప్యానెల్ ఏ కంపెనీది, ఇన్వర్టర్ ఏది, సబ్సిడీ ఎంత అని పది చోట్ల అడుగుతారు. వైరు సంగతి అడిగేవాళ్లు తక్కువ. కొటేషన్‌లో అది "కేబుల్స్, యాక్సెసరీస్ – లాటు" అన్న ఒక్క వరుసలో తేలిపోతుంది. ప్యానెల్ పాతికేళ్లు ఉంటుందని నమ్మి డబ్బు పెడుతున్నప్పుడు, దాని వెనక వేలాడే వైరు కూడా అన్నేళ్లూ ఎండనీ వాననీ ఉప్పుగాలినీ తట్టుకోవాలి. ఆ ఒక్క వరుసను విడగొట్టి రాయించుకోవడానికి కావలసినదంతా ఇక్కడ ఉంది.

లెక్కలకు అంతటా ఒకే ఇంటిని తీసుకుందాం. జీ ప్లస్ వన్ ఇల్లు, 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, అంటే 3.24 కిలోవాట్లు. ఇన్వర్టర్ కింద పోర్టికోలో ఉంది. డాబా నుంచి అక్కడికి వైరు దారి 20 మీటర్లు. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 3 కిలోవాట్ల దగ్గర 78,000 రూపాయలకు చేరి ఆగిపోతుంది కాబట్టి ఇళ్లమీద ఎక్కువగా కనిపించేది ఈ సైజే. ఆరు ప్యానెళ్లూ ఒకే వరుసలో కలిపితే ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (కరెంటు పారనప్పుడు ఉండేది) సుమారు 297 వోల్టులు, పనిచేసేటప్పుడు 250 వోల్టులు, 13 ఆంప్స్. షార్ట్ సర్క్యూట్ కరెంటు 13.8 ఆంప్స్ దాకా ఉంటుంది. చలికి వోల్టేజి పెరుగుతుంది. తీరంలో జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీలున్నా అది 305 వోల్టులను దాటదు. ఈ అంకెలు మీ ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద ఉంటాయి. అవి చూసి మళ్లీ లెక్కేసుకోండి.

పైపు లోపల కూడా తడే

"వైరు పైపులో ఉంది కదండీ, తడవదు" అనే మాట దగ్గరే సగం తప్పులు మొదలవుతాయి. డాబా మీది పైపు పగలు వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచించి జాయింట్ల సందుల్లోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే బయటి తేమగాలిని లోపలికి లాక్కుంటుంది. తెల్లారేసరికి పైపు లోగోడ మీద నీటి బొట్లు నిలుస్తాయి. వాన అక్కర్లేదు, తీరప్రాంతపు మంచు చాలు. పైపు ఎక్కడ పల్లంగా ఉందో అక్కడ ఆ నీరు చేరి నెలల తరబడి ఉంటుంది. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ దీన్ని సూటిగా నియమం చేసింది: తడిచోట నేలపైన వేసిన పైపు లోపలి భాగాన్ని కూడా తడిచోటుగానే లెక్కించాలి. కాకినాడ డాబాకి కూడా ఇదే సూత్రం పెట్టుకుంటే ఎంపిక తేలికవుతుంది.

ఇంటి గోడల్లో వేసే ఐఎస్ 694 సింగిల్ కోర్ వైరు, అంటే షాపులో "హౌస్ వైర్" అని 90 మీటర్ల చుట్టగా ఇచ్చేది, డాబా మీద ఎక్కడా వాడకూడదనేది దీన్నుంచే వస్తుంది. దానికి ఒకే పొర పీవీసీ ఉంటుంది, పై తొడుగు ఉండదు. ఎండకి రెండు మూడేళ్లలో పెళుసెక్కి వంచినచోట చిట్లుతుంది. పైపులో వేసినా అంతే, ప్యానెల్ దగ్గర పైపులోంచి బయటికొచ్చే ఆ అరమీటరు చాలు పాడవడానికి.

డీసీ వైపు ఏ కేబుల్

ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్ దాకా సోలార్ డీసీ కేబులే వేయాలి. మన దేశంలో దాని ప్రమాణం ఐఎస్ 17293. యూరప్ ప్రమాణం ఈఎన్ 50618, అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62930 కూడా ఇదే కోవకి చెందినవి. రాగి తీగల మీద తగరం పూత, దానిమీద క్రాస్‌లింక్ చేసిన ఇన్సులేషన్, పైన అలాంటిదే మరో తొడుగు ఉంటాయి. రేటింగ్ 1,500 వోల్టుల డీసీ, తీగ వేడి 90 డిగ్రీల దాకా. ఈ ప్రమాణాల పరీక్షల్లో ఒకటి మన తీరానికి సరిగ్గా సరిపోతుంది: కేబుల్ ముక్కని 85 డిగ్రీల వేడి ఉప్పునీళ్లలో 240 గంటలు ముంచి, వోల్టేజి పెట్టి, ఇన్సులేషన్ నిలబడుతుందో లేదో చూస్తారు. అలాగని దాన్ని నీటిగుంటలో శాశ్వతంగా పడుకోబెట్టమని కాదు. వానకి తడిసి ఆరే చోటుకి తయారైన కేబుల్ అది. డాబామీద నీళ్లు నిలిచే మూలలోంచి దారి వేయకండి.

షాపులో గానీ, లారీలోంచి దించేటప్పుడు గానీ చూడవలసినవి ఇవి. తొడుగు మీద ప్రతి మీటరుకీ ప్రమాణం నంబరు, హెచ్1జెడ్2జెడ్2-కె అన్న గుర్తు లేదా ఐఎస్ 17293, సైజు, 1.5 కేవీ డీసీ, తయారీదారు పేరు అచ్చై ఉండాలి. ఉత్త "సోలార్ కేబుల్" అని మాత్రమే ఉంటే వద్దనండి. కొసను కోసి చూడండి. 4 చదరపు మి.మీ. కేబుల్‌లో సాధారణంగా 0.3 మి.మీ. పోగులు 56 ఉంటాయి, 6 చదరపు మి.మీ. అయితే 84. పోగు పైకి వెండిరంగులో ఉంటుంది. బ్లేడుతో గీస్తే లోపల ఎర్రగా రాగి కనిపించాలి. గీసినా తెల్లగానే ఉంటే అది అల్యూమినియం. తగరం పూత లేని ఎర్ర రాగి ఉప్పుగాలికి ముందు నల్లబడి, తర్వాత పచ్చటి చిలుము పడుతుంది. ఆ చిలుము తొడుగు కిందనుంచి లోపలికి పాకుతూ పోతుంది కాబట్టి కొస కోసి కొత్తగా క్రింప్ చేసినా (లోహపు కొసలో పెట్టి నొక్కి బిగించినా) లాభం ఉండదు, అడుగున్నర వెనక కూడా నలుపే కనిపిస్తుంది.

రంగు విషయంలో ఒక మాట. ఎరుపు, నలుపు రెండూ దొరుకుతాయి, గుర్తుపట్టడానికి అవి మంచివే. కాని ఎండ నేరుగా పడేచోట నలుపు ఎక్కువకాలం నిలుస్తుంది, అందులోని కార్బన్ పొడి అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది. ఎండలో ఎక్కువ దూరం పోవలసి వస్తే రెండూ నలుపే వేసి, కొసల దగ్గర ఎరుపు స్లీవు తొడిగించండి.

ఎంత మందం? కరెంటు మోయడం ఇక్కడ అసలు సమస్య కాదు. 60 డిగ్రీల వేడిలో, ఒక ఉపరితలం మీద పక్కపక్కనే పడుకోబెట్టిన 4 చదరపు మి.మీ. సోలార్ కేబుళ్లు 44 ఆంప్స్ మోస్తాయి. డాబా వేడికి 70 డిగ్రీలనుకుని తగ్గించుకున్నా 40 ఉంటుంది. మనకు కావలసింది 13.8 మీద నాలుగో వంతు కలిపి 17.3 ఆంప్స్ మాత్రమే. చూడవలసింది వోల్టేజి నష్టం. 20 మీటర్ల దారి అంటే పోను రాను 40 మీటర్లు. 4 చదరపు మి.మీ.కి కిలోమీటరుకి 5.09 ఓమ్‌లు, తీగ వేడెక్కితే దాదాపు 20 శాతం కలపాలి. మొత్తం 0.244 ఓమ్ వస్తుంది. 13 ఆంప్స్‌తో గుణిస్తే 3.2 వోల్టులు, అంటే 250లో 1.3 శాతం. 6 చదరపు మి.మీ. వేస్తే నష్టం 2.1 వోల్టులకు, 0.85 శాతానికి దిగుతుంది. 20 మీటర్లకి 4 సరిపోతుంది. 30 మీటర్లు దాటితే 6 అడగండి. 2.5 వేస్తానంటే ఒప్పుకోవద్దు. అది కరెంటుకి తట్టుకుంటుంది, కాని నష్టం పెరుగుతుంది, లాగేటప్పుడు పోగులు తెగే ప్రమాదమూ ఎక్కువ.

అమెరికాలో సొంతింటి మీద పెట్టించుకుంటున్న మనవాళ్లకు పేర్లు వేరు, సూత్రం ఒకటే. ప్యానెళ్ల కింద బయటికి కనిపించే వైరు పీవీ వైర్ లేదా యూఎస్ఈ-2 అయి ఉండాలి. పైపులోకి దిగాక టీహెచ్‌డబ్ల్యూఎన్-2 వాడొచ్చు. ఆ డబ్ల్యూ అక్షరం తడికి, చివరి 2 తడిలో కూడా 90 డిగ్రీలకి అర్హత ఉందని. ఉత్త టీహెచ్‌హెచ్‌ఎన్ అని మాత్రమే అచ్చైన వైరుకి తడిచోట అర్హత లేదు. ఇన్‌స్పెక్టర్ ముందుగా చదివేది ఈ అచ్చునే.

దారి, పైపు, కేబుల్ టైలు

పైపుని డాబా నేలకు ఆనించి పరచకండి. కాంక్రీటు దిమ్మెలు గానీ క్లాంపులు గానీ పెట్టి కనీసం రెండంగుళాలు పైకెత్తండి. వాన నీరు కిందనుంచి పోతుంది, వేడీ తగ్గుతుంది. పైపు కప్పుకి 23 మి.మీ. కన్నా దగ్గరగా ఉంటే లెక్కలో వేడిని ఇంకో 33 డిగ్రీలు పెంచుకోమని అమెరికా కోడ్ అంటుందంటే ఆ ఎత్తు ఎంత పనిచేస్తుందో ఊహించుకోవచ్చు.

గోడల్లో వేసే మామూలు తెల్ల పీవీసీ పైపు ఎండలో సుద్దలా పొడి రాలి, గోరుతో నొక్కినా పగులుతుంది. ఎండకి తట్టుకునేలా తయారైనదని రాసివున్న నల్ల హెచ్‌డీపీఈ పైపు తీసుకోండి. మన రెండు కేబుళ్లకీ 25 మి.మీ. పైపు ధారాళంగా సరిపోతుంది. జీఐ పైపు లోతట్టు ఊళ్లలో మంచిదే, సముద్రానికి దగ్గరైతే మరలు కోసిన జాయింట్ల దగ్గర ముందు తుప్పు పడుతుంది. పైపులో ఎక్కడో ఒకచోట పల్లం తప్పదు. అక్కడ అడుగుభాగాన 5 మి.మీ. రంధ్రం పెట్టించండి. రెండు కొసలూ సీలు చేసి నీళ్లు రావనుకోవడం కన్నా, వచ్చిన నీళ్లకు పోయే దారి చూపించడం నయం.

ప్లస్, మైనస్ కేబుళ్లు రెండూ అంతటా జంటగా పోవాలి. ప్లస్ ఈ పక్కనుంచి, మైనస్ ఆ పక్కనుంచి డాబా చుట్టి వస్తే మధ్యలో పెద్ద ఉచ్చు ఏర్పడుతుంది, దగ్గరలో పిడుగు పడినప్పుడు అందులో పుట్టే వోల్టేజి నేరుగా ఇన్వర్టర్ని కొడుతుంది. మెరుపు వాహకం నుంచి దిగే పట్టీకి కూడా దూరంగా ఉంచండి.

ప్యానెళ్ల కింద కేబుల్ డాబాకి తగలకుండా ఫ్రేముకి కట్టివుండాలి. మామూలు తెల్ల నైలాన్ కేబుల్ టైలు రెండు వేసవులకి తెగిపోతాయి. 316 గ్రేడు స్టీలు టైలు, లోపల ప్లాస్టిక్ పూత ఉన్నవి, అడుగుకొకటి చొప్పున వేయించండి. ఆరు ప్యానెళ్ల వరుసకి 30 నుంచి 40 పడతాయి. తుపాను గాలికి వదులుగా ఊగే కేబుల్ ఫ్రేము అంచుమీద రంపంలా రాసుకుంటుంది, ఒక్క రాత్రిలో తొడుగు కోసుకుపోతుంది. అంచు తగిలేచోట రబ్బరు పట్టీ పెట్టించండి. ఉడతలు తిరిగే ఇళ్లలో ప్యానెళ్ల చుట్టూ జాలీ కూడా కట్టించాలి, అవి ఈ తొడుగుని ఇష్టంగా కొరుకుతాయి.

కిందికి దించేటప్పుడు స్లాబుకి బెజ్జం వేయనివ్వకండి. పిట్టగోడ మీదుగా బయటి గోడ వెంట దించితే చాలు. గోడలోంచి లోపలికి తీసుకెళ్లక తప్పకపోతే స్లీవు బయటివైపుకి వాలుగా ఉండాలి.

నీళ్లు చొరబడేది కొసల దగ్గరే

మంచి కేబుల్ నడుమ భాగంలోంచి నీళ్లు రావు. వచ్చేది కనెక్టర్ల దగ్గర, గ్లాండుల (కేబుల్ డబ్బాలోకి దూరేచోట బిగించే నట్ల) దగ్గర, డబ్బాల మూతల దగ్గర. అందుకే పర్యవేక్షణకి మీకున్న ఓపికంతా ఇక్కడ ఖర్చుపెట్టండి.

ప్యానెల్ వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్ల విషయంలో ఒకే నియమం గట్టిగా పట్టుకోండి: జతలో రెండు భాగాలూ ఒకే తయారీదారువి, ఒకే రకానివి కావాలి. వేరే కంపెనీది కూడా "టిక్" మని కూర్చుంటుంది, అక్కడే మోసపోతాం. లోపలి లోహపు వేళ్ల కొలతలో, రబ్బరు రింగు మందంలో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. మొదటి ఏడాది ఏమీ కాదు. తర్వాత తేమ చేరి, స్పర్శ దగ్గర నిరోధం పెరిగి, వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. డీసీ ఆర్క్ ఏసీలా సున్నా దాటి ఆరిపోదు, మండుతూనే ఉంటుంది. ప్యానెల్‌తో వచ్చిన కనెక్టర్ ఏదో డేటాషీట్‌లో చూసి, మొదటి ప్యానెల్ ప్లస్‌కీ చివరి ప్యానెల్ మైనస్‌కీ సరిగ్గా దానికి జతే కొనిపించండి. మన వరుసకి రెండు కావాలి, చేతికింద ఒకటి అదనంగా ఉంచుకోండి.

క్రింపింగ్ మామూలు శ్రావణంతో కాదు, ఎంసీ4కి తయారైన క్రింపింగ్ టూల్‌తోనే చేయాలి. తొడుగు ఒలవడం 6 నుంచి 7.5 మి.మీ. మాత్రమే, ఒక్క పోగూ తెగకూడదు. క్రింప్ అయ్యాక చేత్తో గట్టిగా లాగి చూడాలి. వెనక నట్టుని రెండు స్పానర్లతో బిగించాలి, ఆ నట్టు నొక్కితేనే రబ్బరు కేబుల్‌ని పట్టుకుని నీటిని ఆపుతుంది. చేత్తో తిప్పి వదిలేసిన నట్టు ఉన్న కనెక్టర్ వానాకాలం గడవక ముందే నీళ్లు తాగుతుంది. మరో మాట, కలపకుండా నోరు తెరుచుకున్న కనెక్టర్‌కి నీటి రక్షణ ఏమీ లేదు. స్టాండు బిగించి, వైరింగ్ వచ్చేవారానికి వాయిదా వేసినప్పుడు మూతలు పెట్టించండి. మూతల్లేకుండా వానలో తడిసినవి ఆరబెట్టి వాడకండి, కోసేసి కొత్తవి వేయించండి. కలిపిన కనెక్టర్ కూడా డాబా మీద పడివుండకూడదు, ఫ్రేము కింద నీడలో వేలాడాలి.

స్విచ్, ఫ్యూజులు పెట్టే డబ్బాలు ఐపీ65 (దుమ్మునీ నీటినీ ఆపే రేటింగ్) గానీ అంతకు మించి గానీ ఉండాలి. డబ్బా ఐపీ65 అయినా పైనుంచి బెజ్జం పెట్టి వైరు దింపితే ఆ అంకెకి అర్థం లేదు. వైరు ఎప్పుడూ కిందినుంచే లోపలికి ఎక్కాలి. ఎక్కేముందు కిందికి ఒక వంపు తిరగాలి, నీటి బొట్టు ఆ వంపు దగ్గర రాలిపోయేలా. ఒక గ్లాండులో ఒక్కటే కేబుల్. రెండు దూర్చితే మధ్య సందు మిగులుతుంది, దానికి సిలికాన్ పూసి సరిపెడతారు. ఆ సిలికాన్ కూడా వెనిగర్ వాసన వచ్చే రకమైతే మూసిన డబ్బాలో దాని ఆవిరి రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసివున్నది అడగండి. డీసీ డబ్బాలోని స్విచ్, ఫ్యూజు, పిడుగుల వల్ల ఎగిసే వోల్టేజిని ఆపే సర్జ్ పరికరం డీసీకి రేటింగ్ ఉన్నవే కావాలి. మన 305 వోల్టుల వరుసకి 600 వోల్టుల డీసీ సర్జ్ పరికరం సరిపోతుంది. స్క్రూ కింద పెట్టే సన్నపోగుల కొసకి ఫెర్రూల్ (చిన్న లోహపు గొట్టం) తొడగకపోతే పోగులు పక్కకి జారి, బిగుతు పోయి వేడెక్కుతాయి.

ఇన్వర్టర్ నుంచి మీటరు దాకా

ఇక్కడ 1,100 వోల్టుల ఎక్స్‌ఎల్‌పీఈ ఆర్మర్డ్ (పైన లోహపు కవచం ఉన్న) కేబుల్, ఐఎస్ 7098 మొదటి భాగం ప్రకారం, రాగిది వేయించండి. 3 కిలోవాట్లకి 13 ఆంప్సే కాబట్టి 4 చదరపు మి.మీ. చాలు. అయితే దూరం ఎక్కువైతే ఇక్కడ మరో చిక్కుంది. ఇన్వర్టర్ కరెంటుని గ్రిడ్‌లోకి నెట్టాలంటే తన దగ్గర వోల్టేజిని గ్రిడ్ కన్నా కొంచెం పెంచాలి. సన్న వైరైతే ఇంకా పెంచాలి. మధ్యాహ్నం వీధిలో 248 వోల్టులుండి, వైరులో 5 వోల్టులు పోతే ఇన్వర్టర్ దగ్గర 253 తగులుతుంది. అది 230కి 110 శాతం, అక్కడ ఇన్వర్టర్ ఆగిపోవాలన్నదే నియమం. ఎండ బాగా కాసే వేళకే ఉత్పత్తి ఆగిపోతోందంటే ముందు ఈ వైరుని అనుమానించండి. 15 మీటర్లకి 4 వేస్తే 2.3 వోల్టులు పోతాయి. 30 దాటితే 6 వేయించండి. ఆర్మర్‌ని రెండు కొసలా సరైన గ్లాండుతో బిగించి ఎర్త్ చేయడం మరవకూడదు.

ప్యానెల్ ఫ్రేముల ఎర్త్ గురించి ఒక్క ముక్క: అల్యూమినియం మీద ఎర్ర రాగి లగ్గు (వైరు కొసకి తొడిగే బిళ్ల) నేరుగా బిగిస్తే ఉప్పుతేమలో ఆ రెండూ బ్యాటరీలా పనిచేసి అల్యూమినియం తినుకుపోతుంది. తగరం పూత లగ్గు, స్టీలు బోల్టు, అల్యూమినియం మీది పూతని చీల్చే స్టార్ వాషర్ వాడాలి.

డబ్బు ఇచ్చేముందు మెగ్గర్

పని పూర్తయ్యాక లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత మెగ్గర్‌తో, అంటే ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మీటరుతో, పరీక్ష చేయించి, అంకె రాయించుకోండి. ఎండ ఉన్నంతసేపూ డీసీ వైపు ప్రాణాంతకమైన వోల్టేజి ఉంటుంది, ఇది ఇంటివాళ్లు చేసే పని కాదు. ఇన్వర్టర్ని, సర్జ్ పరికరాన్ని విడదీసి, 120 నుంచి 500 వోల్టుల వరుసలకి 500 వోల్టులతో ఒకసారి ప్లస్ నుంచి ఎర్త్‌కీ, ఒకసారి మైనస్ నుంచి ఎర్త్‌కీ కొలుస్తారు. ఐఈసీ 62446 ప్రకారం కనీసం 1 మెగా ఓమ్ ఉండాలి. కొత్త వైరింగ్‌లో పదులు, వందల మెగా ఓమ్‌లు రావాలి. కొత్తదానికే 2 వచ్చిందంటే ఎక్కడో తొడుగు చిట్లింది, పాసైంది కదా అని వదలొద్దు. పొడి ఎండలో అన్నీ బాగానే చూపిస్తాయి, అందుకే కనెక్టర్లమీద, డబ్బాలమీద నీళ్లు చల్లించి ఇంకోసారి కొలిపించండి. అంకె బాగా పడిపోతే దోషం అక్కడే.

తర్వాత ఎప్పుడైనా వాన వెలిసిన మర్నాడు పొద్దున ఇన్వర్టర్ "ఐసొలేషన్ ఫాల్ట్" అని ఎర్ర లైటు చూపించి, తొమ్మిది పదింటికి దానంతటదే మామూలైతే, వైరింగ్‌లో ఎక్కడో తడి చేరుతోందన్నమాట. ఎండకి ఆరిపోయిందని ఊరుకుంటే ప్రతి తడికీ చిలుము ఇంకొంచెం పెరుగుతుంది. తడి ఉన్న ఆ పొద్దుటి వేళే మెకానిక్‌ని పిలవండి. ఇన్వర్టర్ని విడదీసి ప్లస్ నుంచి ఎర్త్‌కీ, మైనస్ నుంచి ఎర్త్‌కీ వోల్టేజి కొలిస్తే చోటు కూడా తెలిసిపోతుంది. దోషం లేని వరుసలో రీడింగు నిలవదు, సున్నాకేసి జారిపోతుంది. 297 వోల్టుల వరుసలో ప్లస్ వైపు 99, మైనస్ వైపు 198 అని నిలకడగా చూపిస్తే, ఒక్కో ప్యానెల్‌కి 49.5 చొప్పున 99 అంటే రెండు ప్యానెళ్లు. ప్లస్ కొస నుంచి లెక్కపెట్టి రెండో ప్యానెల్‌కీ మూడోదానికీ మధ్య ఉన్న కనెక్టర్ దగ్గర ముందు చూడమనండి. ప్లస్ దగ్గర సున్నా, మైనస్ దగ్గర పూర్తి 297 చూపిస్తే దోషం ప్యానెళ్ల మధ్య కాదు, ప్లస్ కొస నుంచి ఇన్వర్టర్ దాకా దిగే 20 మీటర్ల కేబుల్‌లో ఉంది. పైపు పల్లం దగ్గర, పిట్టగోడ వంపు దగ్గర మొదలుపెట్టి వెతకాలి.